జెనీవాలో జరగని సమావేశం, డర్బన్‌లో విననివ్వని మాట

2025 మార్చి 7న జెనీవాలో ఒక సమావేశం జరగాల్సి ఉండింది. నాలుగో జెనీవా ఒప్పందంలో ఉన్న 196 పక్షాలకూ స్విట్జర్లాండ్ ప్రభుత్వం ఆహ్వానాలు పంపింది. ఆక్రమిత పాలస్తీనా ప్రాంతాల్లోని మామూలు జనానికి ఆ ఒప్పందం ఇచ్చిన రక్షణ అమలవుతోందా లేదా అన్నదే ఎజెండా. సరిగ్గా ముందు రోజు, మార్చి 6న, దేశాల మధ్య తీవ్రమైన విభేదాలు ఉన్నందున సమావేశాన్ని రద్దు చేస్తున్నామని స్విస్ ప్రభుత్వం ప్రకటించింది. అప్పటికి గాజాలో చనిపోయినవాళ్ల సంఖ్య అక్కడి ఆరోగ్య శాఖ లెక్కలో 48,000 దాటింది.

ఎక్కడో స్విట్జర్లాండ్‌లో రద్దయిన మీటింగు మనకెందుకు అని అడిగేవాళ్లు ఉంటారు. మాట వినకుండా ఉండాలంటే అసలు కూర్చోకుండా చూడటం అనే విద్య మన మీద చాలాసార్లు ప్రయోగించిందే. అందుకే ఈ రద్దును దళితులు మిగతావాళ్లకంటే కొంచెం శ్రద్ధగా చదవాలి.

మొదట ఆ చట్టం సంగతి. 1949 ఆగస్టు 12న జెనీవాలో నాలుగు ఒప్పందాలు కుదిరాయి. మొదటి మూడు గాయపడిన సైనికులు, ఓడ మునిగిన నావికులు, యుద్ధ ఖైదీల గురించి. నాలుగోది ఆయుధం పట్టని జనం గురించి. ఒక నేలను ఆక్రమించిన సైన్యం అక్కడి మనుషుల్ని తరిమేయకూడదు, తన మనుషుల్ని తెచ్చి అక్కడ స్థిరపరచకూడదు, ఒకరు చేసిన పనికి ఊరంతటినీ శిక్షించకూడదు, తిండీ మందులూ అందేలా చూడాలి. జనాన్ని బందీలుగా పట్టుకోవడాన్ని 34వ అధికరణం నిషేధించింది. కాబట్టి 2023 అక్టోబర్ 7న హమాస్ చేసిన పనిని కూడా ఈ సూత్రమే తప్పు పడుతుంది. చట్టం ఒక పక్షానిది కాదు.

ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా కనిపించేది మొదటి అధికరణం. సంతకం చేసిన ప్రతి దేశం తాను ఒప్పందాన్ని పాటించడమే కాదు, ఇతరులు పాటించేలా కూడా చూడాలని అది చెబుతుంది. మనకు తెలిసిన చట్టంలో దీనికి దగ్గరి పోలిక ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లోని 4వ సెక్షన్. దాడి చేసినవాడితో పాటు, తెలిసి తెలిసి విధి నిర్వహించని ప్రభుత్వోద్యోగి కూడా నేరస్థుడే అంటుంది అది. ఫిర్యాదు రాసుకోని ఎస్ఐకి ఈ సెక్షన్ ఎంత ఇబ్బందికరమో, ఆయుధాలు అమ్ముతున్న దేశాలకు ఆ మొదటి అధికరణం అంత ఇబ్బందికరం.

అయితే 1949 ఒప్పందంలో ఒక పెద్ద లోటుంది. ఉల్లంఘన జరిగితే సంతకందారులందరినీ కూర్చోబెట్టాల్సింది ఎవరు, ఎప్పుడు, ఎంతమంది అడిగితే? దాని గురించి ఒక్క మాట లేదు. ఒప్పంద పత్రాలు భద్రపరిచే దేశంగా స్విట్జర్లాండ్‌కు ఉన్నది దాదాపు గుమాస్తా బాధ్యత. 1977లో వచ్చిన మొదటి అదనపు ప్రోటోకాల్ ఈ లోటును కొంత పూడ్చింది. ఒక దేశం అడిగి, సగానికి పైగా దేశాలు ఒప్పుకుంటే సమావేశం పిలవాల్సిందే అని 7వ అధికరణంలో రాశారు. కానీ ఆ ప్రోటోకాల్‌లో అమెరికా లేదు, ఇజ్రాయెల్ లేదు, భారత్ కూడా లేదు. మానవతా చట్టం అమలుపై దేశాలు క్రమం తప్పకుండా కలిసే ఏర్పాటు చేయాలని స్విట్జర్లాండ్, రెడ్‌క్రాస్ కలిసి కొన్నేళ్లు ప్రయత్నించాయి. 2015 డిసెంబర్‌లో జెనీవాలో అదీ కుదరలేదు. దాంతో ప్రతిసారీ సమావేశం పిలవాలా వద్దా అన్న దగ్గర్నుంచే గొడవ మొదలవుతుంది. అసలు విషయం చేరేసరికి అందరూ అలసిపోతారు.

ఈసారి సమావేశం అడిగింది ఐక్యరాజ్య సమితి జనరల్ అసెంబ్లీ. పాలస్తీనా భూభాగంలో ఇజ్రాయెల్ ఉనికి చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2024 జూలై 19న అభిప్రాయం చెప్పింది. దాన్ని పట్టుకుని సెప్టెంబర్ 18న అసెంబ్లీ ఒక తీర్మానం చేసింది. ఆరు నెలల్లోపు నాలుగో ఒప్పందం దేశాలను పిలవమని స్విట్జర్లాండ్‌ను కోరింది కూడా అందులోనే. అనుకూలంగా 124 దేశాలు, వ్యతిరేకంగా 14, ఎటూ ఓటు వేయనివి 43. ఆ 43లో భారత్ ఒకటి.

ఎందుకు వేయలేదో ఐక్యరాజ్య సమితిలో భారత శాశ్వత ప్రతినిధి పర్వతనేని హరీశ్, మన తెలుగాయనే, ఆ రోజు సభలో వివరించారు. చర్చలు, దౌత్యమే మార్గమని, రెండు పక్షాలను దగ్గర చేసే పని చేయాలి తప్ప దూరం చేయకూడదని ఆయన చెప్పిన సారాంశం.

వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ మాట మనకు కొత్త కాదు. ఊళ్లో అట్రాసిటీ కేసు పెట్టిన మర్నాడు వాడకొచ్చే పెద్దమనుషులు సరిగ్గా ఇదే అంటారు. "కేసులు, కోర్టులు ఎందుకు బిడ్డా, రేపు మొకాలు మొకాలు చూసుకునేటోళ్లం, కూసొని మాట్లాడుకుందాం." కూర్చోవడానికి వాళ్లెప్పుడూ సిద్ధమే. ఆ కూర్చోవడంలో చట్టం ఉండదు. కొట్టినవాడూ దెబ్బలు తిన్నవాడూ రెండు పార్టీలైపోతారు, ఇద్దరూ చెరి కొంచెం తగ్గాలంటారు, తగ్గడానికి ఏమీ లేనివాడే ఆఖరికి తగ్గుతాడు. రాజీకి కూర్చోవడం వేరు, చట్టం ఏం చెబుతోందో తేల్చడానికి కూర్చోవడం వేరు. జెనీవాలో అడిగింది రెండోది. న్యూయార్క్‌లో మన దేశం మొదటిదాన్ని చూపించి రెండోదాని నుంచి పక్కకు జరిగింది.

ఈ తేడా తెలిసినందుకే చుండూరు దళితులు 1991 ఆగస్టు 6 నాటి హత్యాకాండ తర్వాత రాజీలకు లొంగకుండా, విచారణ తమ ఊళ్లోనే జరగాలని పట్టుబట్టారు. ఎనిమిది మందిని చంపిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు కూర్చుంది. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది, అది వేరే దుఃఖం. కానీ సాక్షులు బెదరకుండా వచ్చి చెప్పగలిగారంటే కోర్టు ఎక్కడ కూర్చుందన్నది చిన్న విషయం కాదు.

మళ్లీ జెనీవాకు. రద్దు తప్పంతా ఒక్కరి మీద వేయడం సులువు, కానీ నిజం అంత నేరుగా లేదు. ఇజ్రాయెల్‌కు, అమెరికాకు ఈ సమావేశం ఇష్టం లేదన్నది మొదటి నుంచీ తెలిసిందే. ఆఖరి దెబ్బ మాత్రం అటు నుంచి రాలేదు. స్విస్ అధికారులు తయారుచేసిన ముసాయిదా ప్రకటన మరీ పలుచగా ఉందని, ఉల్లంఘనలకు బాధ్యులెవరో తేల్చే మాటలు అందులో లేవని పాలస్తీనా పక్షం, దాన్ని బలపరిచే ముస్లిం దేశాల కూటమి అభ్యంతరం చెప్పాయి. ఆ కాగితం కోసమైతే రాబోమన్నాయి. అడిగినవాళ్లే రానన్నాక పిలిచినవాళ్లు చేతులెత్తేశారు.

ఇది అర్థం చేసుకోదగ్గ కోపం. పిల్లల్ని పాతిపెట్టి వచ్చిన మనిషి చేతిలో "ఆందోళన వ్యక్తం చేస్తున్నాం" అన్న కాగితం పెడితే చింపేస్తాడు. అయినా, పలుచటి కాగితం వల్ల ఉపయోగం లేదన్న వాదనతో నేను ఏకీభవించలేకపోతున్నాను. దానికి కారణం ఈ సమావేశం చరిత్రలోనే ఉంది.

ఇదే తరహా సమావేశం మొదటిసారి 1999 జూలై 15న జరిగింది. జరిగింది అనడం కూడా ఎక్కువే. ప్రతినిధులు కూర్చున్న కొద్ది నిమిషాలకే వాయిదా వేశారు. ఇజ్రాయెల్‌లో కొత్త ప్రభుత్వం వచ్చింది, శాంతి చర్చలకు అవకాశం ఇద్దాం అన్నది అప్పటి సాకు. రెండోది 2001 డిసెంబర్ 5న. అమెరికా, ఇజ్రాయెల్ రాలేదు. వచ్చినవాళ్లు ఒక మెత్తటి ప్రకటన ఆమోదించారు. ఆక్రమిత ప్రాంతాలకు నాలుగో ఒప్పందం వర్తిస్తుందని అందులో మళ్లీ చెప్పారు. అంతే. అప్పుడు నవ్వినవాళ్లున్నారు. కానీ 2004 జూలైలో, ఇజ్రాయెల్ కడుతున్న గోడ చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చినప్పుడు, ఒప్పందం అక్కడ వర్తిస్తుందనడానికి చూపిన ఆధారాల్లో ఆ 2001 ప్రకటన ఒకటి. 2014 డిసెంబర్ 17న మూడోసారి కలిసి మళ్లీ అదే నిలబెట్టారు. పలుచటి కాగితాలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ పోతే ఏదో ఒకరోజు కోర్టులో బరువు తూగుతాయి. 2025లో ఆ వరుసలో ఒక కాగితం తక్కువైంది.

ఈ పాఠం మనం నేర్చుకున్నది డర్బన్‌లో. జాతివివక్షపై ఐక్యరాజ్య సమితి ప్రపంచ సదస్సు 2001 ఆగస్టు 31న దక్షిణాఫ్రికాలోని ఆ ఊళ్లో మొదలైంది. అది మానవ హక్కుల చట్టానికి సంబంధించిన సదస్సు, యుద్ధకాలపు మానవతా చట్టానికి కాదు, ఆ తేడా ఉంది. కానీ జెనీవాలో ఇవాళ తలుపు మూసిన పద్ధతి అక్కడ అప్పుడే కనిపించింది. ఒకే సభలో రెండు ప్రశ్నలు తలుపు దగ్గర నిలబడ్డాయి, ఒకటి పాలస్తీనా, రెండోది కులం. పాలస్తీనా గురించిన మాటలు ఒప్పుకోమంటూ అమెరికా, ఇజ్రాయెల్ సెప్టెంబర్ 3న లేచి వెళ్లిపోయాయి. భారత్ లేచి వెళ్లలేదు. కూర్చునే పని పూర్తి చేసింది.

కార్యాచరణ పత్రం ముసాయిదాలో 73వ పేరా అని ఒకటుండేది. పని, పుట్టుక ఆధారంగా జరిగే వివక్షను నిషేధించి బాధితులకు పరిహారం దక్కేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని దాని భావం. గమనించండి, కులం అన్న మాటే అందులో లేదు. దళిత్ అన్న మాట లేదు, భారత్ పేరు లేదు. అంత పలుచటి వాక్యం కూడా తుది పత్రంలో ఉండకూడదని వాజపేయి ప్రభుత్వం పట్టుబట్టి సాధించుకుంది. కులం ఈ సదస్సులో చర్చించాల్సిన విషయం కాదని అప్పటి విదేశాంగ సహాయ మంత్రి ఒమర్ అబ్దుల్లా సభలోనే చెప్పారు. కులమూ జాతీ ఒకటి కాదని పండితులు వ్యాసాలు రాశారు. ఒకటని ఎవరన్నారు? ఆ వివక్షను వినమని కదా అడిగింది. పేరు ఏదైనా వివక్ష కొనసాగుతుండటమే పట్టించుకోవాల్సిన సంగతి అన్నట్టుగా జస్టిస్ జె.ఎస్. వర్మ నాయకత్వంలోని మన జాతీయ మానవ హక్కుల కమిషనే మాట్లాడింది. ప్రభుత్వం దాన్నీ పక్కన పెట్టింది.

1998లో మొదలైన దళిత మానవ హక్కుల జాతీయ ఉద్యమం ఈ పోరాటాన్ని నడిపింది. మార్టిన్ మక్వాన్, రూత్ మనోరమ, మన తెలుగు నేల నుంచి పాల్ దివాకర్ వంటివాళ్లు దాని వెనుక ఉన్నారు. స్వచ్ఛంద సంస్థల వేదిక చేసిన ప్రకటనలో కులానికి చోటు దొరికింది. కానీ అదే ప్రకటనలో ఇజ్రాయెల్ గురించి వాడిన భాష కారణంగా మానవ హక్కుల హైకమిషనర్ మేరీ రాబిన్సన్ ఆ పత్రాన్ని దేశాలకు సిఫారసు చేయలేదు. అలా ఒక గొడవలో రెండోది కూడా మునిగింది. పాలస్తీనా ప్రశ్నకూ మన ప్రశ్నకూ సంబంధం లేదనేవాళ్లు ఆ వారం రోజులు మరిచిపోయినట్టున్నారు.

డర్బన్ అన్న ఊరి పేరు మనవాళ్లకు ఇంకోలా కూడా తెలియాలి. 1860 నుంచి 1911 వరకు సుమారు 1,52,000 మంది కూలీలు నేటాల్ చెరకు తోటలకు ఓడలెక్కారు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లలో విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు, వాళ్లలో మన కులాల వాళ్లూ ఉన్నారు. వాళ్ల వారసుల భూమి హక్కును, నివాసాన్ని దెబ్బతీస్తూ దక్షిణాఫ్రికా ప్రభుత్వం 1946లో చట్టం చేస్తే, ఆ విషయాన్ని ఐక్యరాజ్య సమితికి పట్టుకెళ్లింది భారత్. ఇది మా అంతర్గత వ్యవహారం, ఈ సభకు అధికారం లేదు అంది దక్షిణాఫ్రికా. విజయలక్ష్మీ పండిట్ నాయకత్వంలోని మన ప్రతినిధి బృందం ఒప్పుకోలేదు. 1946 డిసెంబర్ 8న జనరల్ అసెంబ్లీ భారత్ వైపు నిలిచింది. మనిషిని పుట్టుకను బట్టి తక్కువ చేస్తే అది ఏ దేశపు ఇంటి గుట్టూ కాదన్న వాదన ప్రపంచ వేదిక మీద గెలిచిన తొలి సందర్భాల్లో అదొకటి. అదే సంవత్సరం జూలైలో డాక్టర్ అంబేడ్కర్ అమెరికాలోని నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయ్‌కి ఉత్తరం రాశారు. నల్లజాతి వాళ్లు ఐక్యరాజ్య సమితికి పెట్టుకున్న అర్జీ ప్రతులు పంపమని, అంటరానివాళ్లం మేమూ అలా చేద్దామనుకుంటున్నామని. డుబాయ్ జవాబిచ్చారు.

55 ఏళ్ల తర్వాత, ఆ కూలీలు దిగిన ఊళ్లోనే, భారత్ దక్షిణాఫ్రికా పాత వాదనను ఎత్తుకుంది.

అక్కడితో అయిపోలేదు. జాతివివక్ష నిర్మూలన ఒప్పందం 1965లో రాసేటప్పుడు పుట్టుక అన్న మాటను చేర్చమని ప్రతిపాదించింది భారతే. ఆ మాటలోకి కులం వస్తుందని ఆ ఒప్పందం అమలును చూసే కమిటీ 1996లో భారత్‌కే చెప్పింది. డర్బన్ తర్వాత సరిగ్గా ఏడాదికి, 2002 ఆగస్టులో, 29వ సాధారణ సిఫారసుగా మరింత విడమరిచి రాసింది. 73వ పేరాను కొట్టేయించినంత మాత్రాన ప్రశ్న చావలేదు. అంటరానితనాన్ని అపార్థైడ్‌తో పోల్చి మాట్లాడిన మొదటి ప్రధాని మన్మోహన్ సింగ్, 2006 డిసెంబర్‌లో. అయినా ప్రపంచ వేదికల మీద ప్రభుత్వ వైఖరి మారలేదు. అంతర్జాతీయ దళిత సంఘీభావ వేదిక ఐక్యరాజ్య సమితిలో సంప్రదింపుల హోదా కోసం 2008లో దరఖాస్తు పెడితే, భారత్ ప్రతి విడతా కొత్త ప్రశ్నలు వేస్తూ వాయిదా వేయిస్తూ పోయింది. వంద ప్రశ్నలు దాటాయి. చివరికి 2022 డిసెంబర్‌లో ఓటింగ్ పెడితే గానీ హోదా రాలేదు. ఒక సంస్థను లోపలికి రానివ్వాలా అని ఆలోచించడానికి 14 ఏళ్లు!

మా ఊరు చిల్కూరు. పేరు చెప్పగానే అందరికీ వీసా బాలాజీ గుర్తొస్తాడు. 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, వీసా వస్తే 108 చేస్తారు. అంబేడ్కర్ తన అనుభవాలు రాసుకున్న చిన్న పుస్తకం పేరు కూడా వెయిటింగ్ ఫర్ ఎ వీసానే, కాకపోతే ఆయన అడిగింది సొంత దేశంలో నడవడానికి. ఇక్కడ మొక్కుకుని అమెరికా వెళ్లినవాళ్ల సామాన్లలో కులం కూడా వెళ్లింది కాబట్టే 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో కాలిఫోర్నియా గవర్నర్ అలాంటి బిల్లును వెనక్కి పంపారు, ఉన్న చట్టాలే చాలంటూ. "ఇది వేదిక కాదు", "ఇది సమయం కాదు", "ఉన్నది చాలు". ఊరు మారినా మాటలు పెద్దగా మారవు.

మా ఊరి గుడి అర్చకులు రంగరాజన్ 2018 ఏప్రిల్‌లో జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి ఒక దళిత యువకుణ్ణి భుజాల మీద మోసుకెళ్లారు. ఆ సంకల్పాన్ని నేను తక్కువ చేయను. కానీ భుజాన ఎక్కించుకోవడం ఎక్కించుకునేవాడి మనసు మీద ఆధారపడుతుంది. నడిచి లోపలికి వెళ్లడం ఎవరి మనసు మీదా ఆధారపడకూడదు. సమావేశాల విషయంలోనూ అంతే. స్విట్జర్లాండ్ మంచితనం మీద, పెద్ద దేశాల వీలు మీద ఆధారపడితే మార్చి 6 లాంటివి వస్తూనే ఉంటాయి. ఫలానా గడువులో పిలిచి తీరాలి, ఎవరు రాకపోయినా కూర్చోవాలి అని రాసి ఉండాలి.

రాసి ఉంటే సరిపోతుందా అంటే, దానికి జవాబు రంగారెడ్డి జిల్లాలోనే వెతకవచ్చు. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నిబంధనల్లో పిలిచే తేదీలు కూడా ఉన్నాయి. 16వ నిబంధన ప్రకారం ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర కమిటీ ఏడాదికి రెండుసార్లు, జనవరిలో, జూలైలో కూర్చోవాలి. 17వ నిబంధన ప్రకారం కలెక్టర్ నడిపే జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి కలవాలి. ఎన్ని కేసులు, ఎంత పరిహారం ఇచ్చారు, ఛార్జిషీటు ఎందుకు ఆగింది, ఏ అధికారి నిర్లక్ష్యం చేశాడు అన్నది అక్కడ చూడాలి. జెనీవా ఒప్పందంలో లేని గడువు మన దగ్గర ఉంది. కూర్చోకపోతే అడిగే హక్కు కూడా ఉంది.

మొయినాబాద్, చేవెళ్ల మండలాల మిత్రులం కొందరం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాస్తున్నాం. గత ఐదేళ్లలో జిల్లా కమిటీ ఏయే తేదీల్లో కూర్చుంది, కలెక్టర్ స్వయంగా ఎన్నిసార్లు వచ్చారు, వాయిదా పడితే ఏ కారణం రాశారు, మినిట్స్ నకలు ఇవ్వండి. మిగతా జిల్లాల వాళ్లు కూడా ఈ నాలుగు ప్రశ్నలే పెట్టండి. ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.